సిపాయి బొమ్మ ఎర్రకోటు

బల్లమీద ఆడే యుద్ధక్రీడల కోసం చిన్న చిన్న సిపాయి బొమ్మలకు రంగులు వేయడం ఇంగ్లండులో చిరకాలంగా ఉన్న వేడుక. 1893లో విలియం బ్రిటన్ సంస్థ లోపల బోలుగా ఉండే సీసపు సిపాయిలను పోతపోయడం ప్రారంభించింది. 1913లో ప్రసిద్ధ రచయిత హెచ్. జి. వెల్స్ ఇటువంటి బొమ్మలతో ఆడే ఆటకు నియమాలు ఏర్పరచి ‘లిటిల్ వార్స్’ అనే పుస్తకమే ప్రకటించాడు. ఈనాటి బొమ్మలు చాలావరకు ప్లాస్టిక్కువి. మనిషి బొమ్మ ఎత్తు సుమారు 28 మిల్లీమీటర్లు. అంటే మన బొటనవేలి పై కణుపంత.

ఈ బొమ్మలకు రంగులు వేసేవారిని ఎక్కువగా ఏడిపించే రంగులలో ఎరుపు ఒకటి. ఒకరి సిపాయి కోటు గులాబీరంగుకు తిరుగుతుంది. మరొకరిది ఇటుకలాగా మొద్దుబారుతుంది. ఇంకొకరిది ఎన్ని పూతలు వేసినా అడుగున ఉన్న నలుపును దాచలేక కాఫీరంగులో నిలిచిపోతుంది. వారు కోరేది దానిమ్మగింజలో కనిపించే లోతైన ఎరుపు. ఇంతకంటె మంచి ఎరుపు సీసా దొరికితే పని జరుగుతుందని చాలామంది అనుకుంటారు. కాని లోపం సీసాలో లేదు. పూతలో వెలుగు నడిచే దారిలో ఉన్నది.

తెల్లని వెలుగులో సుమారు 400 మొదలు 700 నానోమీటర్ల వరకు తరంగదైర్ఘ్యాలు గల కిరణాలు కలసి ఉంటాయి. ఎర్రని రంగుపొడి ఇంచుమించు 600 నానోమీటర్లకు లోపలి కిరణాలను మింగివేసి, మిగిలినవాటిని విడిచిపెడుతుంది. ఇంతవరకు పాఠ్యపుస్తకంలో ఉన్నదే. రంగుపొడి చేసే పని మరొకటి ఉన్నది. దానిని తరగతిలో సాధారణంగా చెప్పము. అది వెలుగును చెదరగొట్టడం. పొడి రేణువుకూ, దానిని పట్టి ఉంచే జిగురుకూ వక్రీభవన గుణకాలలో ఎంత తేడా ఉంటే అంత బలంగా వెలుగు చెదరి వెనుకకు వస్తుంది. అడుగున ఉన్నది మరుగుపడుతుంది. యాక్రిలిక్ జిగురు గుణకం సుమారు 1.5. తెల్లరంగుకు వాడే టైటానియం డయాక్సైడు గుణకం 2.7. అందుకే తెలుపు దేనినైనా కప్పివేయగలదు. పాతకాలపు ఎరుపులైన జేగురు, ఇంగిలీకం కూడ 2.5కు పైబడినవే. అయితే 1958లో మార్కెట్టులోకి వచ్చిన క్వినాక్రిడోన్ వంటి సేంద్రియ వర్ణకాల గుణకం జిగురు గుణకానికి అంత దూరంలో ఉండదు. పైగా వాటి రేణువులు చాలా సూక్ష్మమైనవి. అవి వెలుగును బాగా మింగుతాయిగాని అంతగా చెదరగొట్టవు. వాటి పలుచని పూత ఎర్రగాజు పలక వంటిదని చెప్పవచ్చు.

నల్లబల్లమీద ఎర్రగాజు పెడితే ఏమి కనిపిస్తుంది? నలుపే. గాజును దాటి లోపలికి పోయిన వెలుగును నలుపు మింగివేస్తుంది. తిరిగి రావడానికి ఏమీ మిగలదు. తెల్లకాగితంమీద పెట్టినప్పుడైతే వెలుగు గాజులో నుంచి ఒకసారి లోపలికి పోయి, కాగితాన్ని తాకి, మళ్ళీ గాజులో నుంచే బయటికి వస్తుంది. దారి రెట్టింపు అవుతుంది. ఈ సంగతిని చిన్న లెక్కతో చూద్దాం. ఒక పూత ఎర్రని కిరణాలలో 96 శాతాన్ని, ఆకుపచ్చ కిరణాలలో 50 శాతాన్ని పోనిస్తుందనుకుందాం. రాకపోకలు రెండూ కలిపితే ఒక పూతకు ఎరుపు 92 శాతం, ఆకుపచ్చ 25 శాతం తిరిగి వస్తాయి. రెండు పూతలకు 85, 6. మూడు పూతలకు 78, 1.6. ఎరుపు ఇంచుమించు నిలిచి ఉండగా, దానిని చెడగొట్టే ఆకుపచ్చ దాదాపు మాయమైపోయింది. లోతు అని మనం పిలిచేది దీనినే. ఎర్ర సెల్లోఫేను కాగితాలను ఒకటి, రెండు, మూడు చొప్పున తెల్లకాగితంమీదా, నల్లకాగితంమీదా పరచి విద్యార్థులు దీనిని ఐదు నిమిషాలలో స్వయంగా చూడవచ్చు.

కాబట్టి బొమ్మకు ముందుగా వెలుగును తిప్పి పంపే అడుగుపూత కావాలి. తెలుపు గాని, అంతకంటె మేలుగా, బాగా కప్పగల ఇటుకరంగు గాని వేసి, అది ఆరిన తరువాత నీళ్ళవలె పలుచబరచిన ఎరుపును పూతపై పూతగా వేయాలి. ఒక్క దెబ్బతో ముగించాలని చిక్కటి రంగు పులిమితే ముఖంలోని కనుముక్కుతీరే పూడిపోతుంది. ఇంత చిన్న బొమ్మకు అది చిన్న నష్టం కాదు.

ఈ కిటుకు బొమ్మలవారు కనిపెట్టినది కాదు. యూరప్‌లో పూర్వపు చిత్రకారులు ఎర్రని వస్త్రాలను చిత్రించేటప్పుడు అడుగున ఇంగిలీకం పూసి, దానిమీద పారదర్శకమైన ఎర్రని పొరలు పరచేవారు. ఆ పొరలకు వాడిన ఎరుపులలో లక్క నుంచి తీసినది ఒకటి. ఆ లక్క భారతదేశం వంటి తూర్పుదేశాల నుంచి పోయినదే. మన కొండపల్లి బొమ్మకు తెల్లపొణికి కర్రమీద ముందు తెల్లని పూత వేసి, ఆ తరువాతనే రంగులు వేస్తారు. ఏటికొప్పాకలో తిరుగుతున్న అంకుడు కర్రకు రంగు లక్కను అదిమిపట్టినప్పుడు, రాపిడి వేడికి అది కరిగి పలుచని పొరగా అంటుకుంటుంది. ఆ బొమ్మల నిగనిగలో కర్ర లేతరంగుకు కూడ వాటా ఉన్నది.

ఇక వెలుగునీడల సంగతి. కోటు మడతలమీద వెలుగు చూపడానికి ఎరుపులో తెలుపు కలపడం అందరికీ మొదట తోచే పని. తెలుపు రేణువులు వెలుగును పైపైననే చెదరగొట్టి, ఎరుపులో లోతుగా నడవనీయకుండా తిప్పి పంపుతాయి. కోటు గులాబీరంగుకు వస్తుంది. దానికి బదులు నారింజరంగు కలిపితే కాంతి పెరుగుతుంది, రంగు చెడదు. నీడకోసం నలుపు కలపడంలో చిక్కు మరొక విధమైనది. కాంతి తగ్గిన నారింజనే మన కన్ను గోధుమరంగుగా చూస్తుంది. కొంచెం నారింజవైపు మొగ్గే ఎరుపులో నలుపు వేస్తే ఇటుకరంగు రావడానికి కారణం ఇదే. నీలంవైపు మొగ్గే ముదురెరుపును నీడలలో వాడితే ఈ బాధ ఉండదు.

ఇంత చేసినా, పూతలు ఆరిన తరువాత కోటు వెలవెలపోయినట్లు కనిపించవచ్చు. నా దృష్టిలో ఈ విషయంలోకెల్లా ఆసక్తికరమైన ఘట్టం ఇదే. గాలిలో నుంచి 1.5 గుణకం గల పొరమీద నిటారుగా పడే వెలుగులో 4 శాతం పొరలో ప్రవేశించకుండానే వెనుదిరుగుతుంది. దానికి ఎరుపుతో సంబంధం లేదు. అది తెల్లని వెలుగే. మూడు పూతలతో మనం ఆకుపచ్చను 1.6 శాతానికి తగ్గించాము; ఉపరితలం అందులో 4 శాతం తెచ్చి కలుపుతున్నది! పొర నున్నగా ఉంటే ఈ 4 శాతం ఒకే దిక్కుకు పోతుంది; బొమ్మను కొద్దిగా తిప్పితే కంటికి తప్పుకుంటుంది. గరుకుగా ఉంటే అన్ని దిక్కులకూ చెదరి, ఎటునుంచి చూసినా ఎరుపుమీద పలుచని తెల్లతెర పరుస్తుంది. జేగురు పూసిన ఎండిన గోడమీద నీళ్ళు చల్లితే తడిసినంతమేర ముదురెరుపు దేలడం మనం ఎరుగుదుము; నీటిపొర గరుకును నునుపు చేయడం దానికి ఒక కారణం. బొమ్మకు ఆ పని వార్నిష్ చేస్తుంది. అద్దంలా మెరిసే వార్నిష్ మాత్రం సిపాయిని వానలో తడిసినవానిలా చేస్తుంది. సగం మెరుపు గల వార్నిష్ వాడటం మధ్యేమార్గం.

ఎరుపును చూసే దీపం కూడ ముఖ్యమే. చౌకరకం తెల్లని ఎల్.ఇ.డి. దీపాలలో ముదురు ఎరుపు కిరణాలు తక్కువ. వాటికింద మంచి కోటు కూడ మందంగా కనిపిస్తుంది. పగటి వెలుగులో చూసి నిర్ణయించడం ఉత్తమం. సందెచీకటిలో మాత్రం చూడరాదు. మసక వెలుతురులో కన్ను ఎరుపును పట్టలేక నల్లగా చూస్తుందని 19వ శతాబ్దిలోనే పుర్కిన్యే అనే చెక్ శాస్త్రజ్ఞుడు గుర్తించాడు.

పాఠశాలలో ఈ పని చేయించదలచిన ఉపాధ్యాయులు రంగుల విషయంలో జాగ్రత్త వహించాలి. ఇంగిలీకం పాదరసపు సల్ఫైడు. ఎర్రసీసమనే సింధూరం సీసపు ఆక్సైడు. ఈ రెంటినీ, కాడ్మియం ఎరుపునూ పిల్లల చేతికి ఇవ్వరాదు. ఏ రంగైనా సరే, కుంచె మొనను నోటితో తడిపి సూదిగా చేసే అలవాటును మొదటిరోజే మాన్పించాలి.

ఎరుపు ఎంతకాలం నిలుస్తుందనేది వేరే ప్రశ్న. మంజిష్ఠ వేరులోనూ, మన కలంకారీ అద్దకానికి వాడిన చిరువేరులోనూ ఉండే అలిజరిన్‌ను 1868లో గ్రేబే, లీబర్మన్ అనే జర్మన్ శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. దాని నుంచి చేసిన చిత్రలేఖనపు ఎరుపు చాలా అందమైనది. కాని పలుచని పూతగా వేస్తే ఎండకు వెలుస్తుంది. క్వినాక్రిడోన్ అంతకంటె ఎంతో గట్టిది. ఒక అట్టముక్కమీద తెల్లపూత వేసి, దొరికిన ఎరుపులన్నిటినీ పట్టీలుగా పూసి, సగభాగాన్ని నల్లకాగితంతో కప్పి ఎండతగిలే కిటికీలో ఉంచండి. వేసవి గడిచిన తరువాత కాగితం తీసి చూస్తే, ఏ సీసాలోది ఎండకు నిలిచేదో అట్టమీదనే తెలుస్తుంది.