పిల్లికి ఆపరేషన్ అన్నప్పుడు ముందు అడగాల్సింది

ధర్మసాగర్ లాంటి ఊళ్లలో పశువుల దవాఖాన అనగానే బర్రెలు, గొర్లు, మేకలే గుర్తొస్తాయి. పిల్లిని బుట్టలో పెట్టుకొని హనుమకొండ దాకా తీసుకెళ్తే, అక్కడ డాక్టర్ ‘ఆపరేషన్ చేయాలి’ అంటే, ఇంటికొచ్చాక నలుగురూ అడిగేది ఒక్కటే: పిల్లికి అంత ఖర్చా? ఆ మాట తప్పని నేననను. పిల్లల ఫీజులు, పొలం అప్పులు ఉన్న ఇంట్లో అది న్యాయమైన ప్రశ్నే. కానీ దానికంటే ముందు డాక్టర్‌ను అడగాల్సింది ఇంకోటుంది. ఈ ఆపరేషన్‌తో జబ్బు పోతుందా, లేక కొన్నాళ్లు వెనక్కి జరుగుతుందా?

పూర్తిగా పోయే జబ్బులున్నాయి. ఆడపిల్లికి గర్భసంచిలో చీము పడితే, సంచిని తీసేయడమే అసలు వైద్యం. సకాలంలో తీస్తే చాలావరకు మామూలైపోతుంది. దారం మింగిన పిల్లి సంగతీ అంతే. టైలర్ దారమో, సంక్రాంతి మాంజానో ఒక కొస నాలుక కింద చిక్కుకుని, మిగతాది పేగుల్లోకి దిగుతుంది. లాగుకు ఎక్కించిన నాడాను లాగితే గుడ్డ కుచ్చులు పడ్డట్టు పేగు ముడుచుకుపోతుంది, దారం దాన్ని లోపలినుంచి కోసేస్తుంది. నోట్లోనో వెనకో దారం కొస కనిపించినా ఇంట్లో లాగకూడదు.

అన్నిటికంటే తొందర పెట్టేది గండుపిల్లికి మూత్రం ఆగిపోవడం. దాని మూత్రనాళం చాలా సన్నం. చిన్న స్ఫటికాలు, జిగురు చేరి మూసుకుపోతుంది. పిల్లి మాటిమాటికీ మూలకు పోయి కూర్చుని ముక్కుతుంటే ఇంట్లోవాళ్లు మలబద్ధకం అనుకుంటారు. ఒక రోజు గడిచేసరికి రక్తంలో పొటాషియం పెరిగి గుండె కొట్టుకునే తీరే మారిపోతుంది. వదిలేస్తే రెండు మూడు రోజుల్లో ప్రాణం పోతుంది. మొదట చేసేది ఆపరేషన్ కాదు, మత్తిచ్చి సన్నని గొట్టంతో దారి తెరవడం. మళ్లీ మళ్లీ మూసుకుపోతుంటేనే నాళంలో సన్నటి భాగాన్ని తీసేసి మార్గాన్ని వెడల్పు చేస్తారు.

ఇక రెండో రకం. పిల్లి పొదుగు దగ్గర గడ్డ కనిపిస్తే అది ఎక్కువసార్లు క్యాన్సరే. గడ్డ రెండు సెంటీమీటర్లు దాటకముందే తీయించినప్పుడు ఏళ్ల తరబడి బతికినవి ఉన్నాయి. మూడు దాటాక చాలావాటికి మిగిలేది నెలలే. అందుకే కత్తి పట్టకముందు ఛాతీ ఎక్స్‌రే తీయమని అడగాలి. ఊపిరితిత్తులకు పాకి ఉంటే ఆ ఆపరేషన్ పిల్లికి గాయం నొప్పిని మాత్రమే అదనంగా ఇస్తుంది. ఆరు నెలల వయసులోపే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే ఈ ముప్పు దాదాపు తొంభై శాతం తగ్గుతుంది. ఈ విషయం ఊళ్లలో ఎవరూ చెప్పకపోవడం నాకు నిజంగా బాధ.

మత్తు భయం అందరికీ ఉంటుంది. బ్రిటన్‌లో జరిగి 2008లో అచ్చయిన పెద్ద అధ్యయనం ప్రకారం, ఆరోగ్యంగా ఉన్న పిల్లుల్లో మత్తు వల్ల చనిపోయింది సుమారు తొమ్మిది వందలకు ఒకటి. జబ్బుతో ఉన్నవాటిలో డెబ్బైకి ఒకటి. ఆపరేషన్ ముగిశాక జరిగిన మరణాల్లో ఎక్కువ భాగం మొదటి మూడు గంటల్లోనే. కాబట్టి ఆ మూడు గంటలూ పిల్లిని ఎవరు చూసుకుంటారో అడగండి, కళ్లు తెరవగానే బస్సెక్కించకండి. వయసు ఒక్కదాన్నే చూసి వెనక్కి తగ్గాల్సిన పని లేదు. చూడాల్సింది కిడ్నీలు, గుండె. రక్తపరీక్ష అందుకే.

ఆపరేషన్ తర్వాత పని ఇంట్లోవాళ్లదే. రెండు మూడు రోజులు తిండి ముట్టకపోతే, ముఖ్యంగా లావుగా ఉన్న పిల్లికి, కాలేయంలో కొవ్వు పేరుకుని అదే కొత్త జబ్బవుతుంది. నొప్పికని పారాసెటమాల్ మాత్ర ఇవ్వొద్దు. ఒక్క మాత్రే చంపగలదు.

ధర్మసాగర్ వాళ్లకు ఖమ్మం రోడ్డులో మామునూరు పశువైద్య కళాశాల ఉంది, ఇంకా పెద్ద వైద్యానికి హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో పీవీ నరసింహారావు పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. పిల్లులకు మత్తిచ్చే డాక్టర్, ఎక్స్‌రే ఆ రోజు ఉన్నాయో లేదో ముందే ఫోన్‌లో కనుక్కుని బయల్దేరండి. సగం రోజు మిగులుతుంది.

ఆపరేషన్ వద్దనుకోవడం కూడా ఒక నిర్ణయమే. అమెరికా పశువైద్యురాలు ఆలిస్ విల్లలోబోస్ ఏడు విషయాలు చూడమన్నారు: నొప్పి, ఆకలి, నీళ్లు, శుభ్రత, సంతోషం, నడక, చెడ్డ రోజులకంటే మంచి రోజులు ఎక్కువున్నాయా అన్నది. ఒక్కోదానికి పది మార్కులు. మొత్తం ముప్పై ఐదు దాటకపోతే దాన్ని బాధనుంచి విడిపించే మాట డాక్టర్‌తో ఎత్తడంలో పాపమేమీ లేదని నా నమ్మకం. అందుకు మత్తిచ్చాక ఇచ్చే ఇంజెక్షన్‌లో నొప్పి ఉండదు. గోనెసంచిలో కట్టి చెరువు అవతల మాత్రం వదిలిరాకండి. ఆకలిదప్పులతో అల్లాడేలా జంతువును వదిలేయడం 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం ప్రకారం నేరం.