మూర్ఛ మందులు - మందగించు జ్ఞాపకము

నిజాంసాగరు ఆయకట్టు ప్రాంతమున నస్రుల్లాబాదు వంటి ఒక గ్రామమును మనస్సున నిలుపుకొందము. అచ్చట ఎనిమిదవ తరగతి చదువు బాలునకు మూర్ఛలు వచ్చినవి. మనవారు ఫిట్సు అందురే, అవియే. వైద్యుడు మాత్రలు వ్రాసినాడు. ఆరు నెలలుగా మూర్ఛ రాలేదు. కాని పిల్లవాడు పాఠములలో వెనుకబడుచున్నాడు. పిలిచిన కొంతసేపటికి గాని పలుకుట లేదు. మూర్ఛతోపాటు తెలివియు పోయినదని తల్లి దుఃఖించును. మాత్రలు మానిపించుట మేలని ఇరుగుపొరుగువారు చెప్పుదురు. ఈ చిక్కునే నేడు విచారింతము.

మెదడులోని కణములు విద్యుత్సంకేతముల మూలమున పనిచేయును. పెక్కు కణములు అదుపు తప్పి ఒక్కుమ్మడిగా ఉద్రేకించినప్పుడు మూర్ఛ వచ్చును. ఆ ఉద్రేకమునకు కళ్ళెము వేయుటయే మందు చేయు పని. అయితే నేర్చుకొనుటకును, గుర్తుంచుకొనుటకును ఆ కణముల చురుకుదనమే ఆధారము. కళ్ళెము మరీ బిగిసినచో గుఱ్ఱపు దౌడే కాదు, నడకయు మందగించును.

మందులన్నియు ఒక తీరువి కావు. 1912 నుండి వాడుకలోనున్న ఫీనోబార్బిటాలు చవుకయైనది, మూర్ఛను బాగుగా ఆపునది. కాని నిద్రమత్తును, ఏకాగ్రతాలోపమును కలిగింపవచ్చును. కొందరు పిల్లలలో అల్లరిని, చిరాకును పెంచును. జ్వరముతో ఫిట్సు వచ్చిన పసిపిల్లలకు ఈ మందునిచ్చి అమెరికాలో జరిపిన పరిశోధన 1990లో వెలువడినది. రెండేండ్ల తరువాత వారి తెలివి పరీక్షల అంకె, ఉత్తుత్తి మాత్ర పొందిన పిల్లల అంకెకంటె సగటున 8 తగ్గినది. 1938లో మూర్ఛకు ఉపయోగపడునని తేలిన ఫెనిటాయిను మోతాదు మించినచో తూలుటయు, మందకొడితనమును కలుగును. టోపిరమేటు వాడువారిలో కొందరికి తెలిసిన మాటయే నోటికి రాదు. లెవిటిరాసిటాము జ్ఞాపకమునకు అంతగా అడ్డు రాదు. కాని కొందరిలో కోపము హెచ్చును. లామోట్రిజిను ఈ విషయమున తేలికయైనదని వైద్యుల అనుభవము.

వాల్ప్రోయేటు సంగతి వేరు. గర్భిణి దానిని వాడినచో పుట్టబోవు శిశువునకు అవయవలోపములును, బుద్ధివికాసమునకు హానియు కలుగవచ్చును. కావున సంతానము కోరు స్త్రీలు గర్భధారణకు ముందే వైద్యుని సంప్రదింపవలెను. తమంతట తాము మానరాదు.

మోతాదు హెచ్చినకొలది, మందుల సంఖ్య పెరిగినకొలది, తొందరగా మోతాదు పెంచినకొలది మాంద్యము హెచ్చును. అట్లని లోపమంతయు మందుదే యనరాదు. మాటిమాటికి వచ్చు మూర్ఛలు, వాటికి మూలమైన మెదడు వ్యాధి, నిద్రలేమి, దిగులు సైతము జ్ఞాపకమును దెబ్బతీయును.

మాత్రలు హఠాత్తుగా మానుట అన్నిటికంటె ప్రమాదకరము. మూర్ఛ తిరిగి వచ్చి, ఆగక సాగవచ్చును. 5 నిమిషములు దాటిన మూర్ఛ ప్రాణాంతకము కాగలదు. రోగిని వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను. మన తెలంగాణమున కల్లులో ఆల్ప్రజోలాము వంటి మత్తుమందులు కలుపు దురాచారము పలుమార్లు బయటపడినది. అట్టి కల్లు మూర్ఛ మందుల మత్తును ఇబ్బడి చేయును. అలవాటుపడి ఒక్కసారిగా మానినవారికి దానివలననే ఫిట్సు రావచ్చును.

మరి ఆ తల్లి చేయదగినదేమి? ఒక నోటుపుస్తకములో మాత్ర పేరు, మోతాదు, వేళ, మార్చిన తేదీ వ్రాయవలెను. మందకొడితనము ఎప్పుడు మొదలైనది, ఏ వేళ హెచ్చుచున్నది గుర్తింపవలెను. పంతులుగారి మాటయు చేర్చి వైద్యునకు చూపవలెను. ఆయన మోతాదు తగ్గింపవచ్చును, వేళ మార్పవచ్చును, మెల్లమెల్లగా వేరొక మందునకు మరల్పవచ్చును. రెండేండ్లకు పైగా మూర్ఛ లేనివారికి మందు క్రమముగా తగ్గించి ఆపుటకు వీలున్నదేమో ఆలోచించును.

ప్రపంచమున సుమారు 5 కోట్లమందికి మూర్ఛ కలదు. సరియైన చికిత్స లభించినచో నూటికి 70 మంది వరకు మూర్ఛ లేక జీవింపగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. మూర్ఛ ఆగినదా యని అడుగు వైద్యునకు, పిల్లవాడు చదువగలుగుచున్నాడా యను సంగతియు ఇంటివారే చెప్పవలెను. అది చెప్పనిచో ఆయనకు తెలియు మార్గము లేదు.