కప్పెడు ఆకుకూర బరువెంత?

నీటిని ఏ గ్లాసుతో కొలిచినను ఒక మిల్లీలీటరునకు ఇంచుమించు ఒక గ్రాము తూగును. బియ్యమునకు గూడ ఇట్టి లెక్క ఒకటి కుదురును. కనుకనే మన పెద్దలు బియ్యమును సోలలతోను, మానికలతోను కొలిచెడివారు. కాని పాలకూరను ఆ సోలతోనే నాలుగుసార్లు కొలిచి తూచి చూడుడు. నాలుగు లెక్కలు వచ్చును. కారణమేమి?

240 మిల్లీలీటర్లు పట్టు కప్పులో పచ్చి పాలకూరను నొక్కకుండ నింపినచో సుమారు 30 గ్రాములు మాత్రమే తూగును. అదే కప్పెడు నీరు 240 గ్రాములు. పాలకూరలో నూటికి 90 పాళ్ళకు మించి నీరే యున్నది గదా, మరి ఇంత తేలిక యేల? కప్పులో చాలభాగము గాలి యుండుటయే దీనికి కారణము. ఆకుకు, ఆకుకు నడుమ కొంత గాలి కలదు. ఆకు లోపల కణముల సందులలో మరికొంత గాలి కలదు. పచ్చి ఆకు నీటిపై తేలుట దీనికి నిదర్శనము.

ఇక ఉడికించినప్పుడు ఏమగును? పచ్చి ఆకులోని ప్రతి కణము, గాలి కొట్టిన సైకిలు ట్యూబువలె, లోని నీటి ఒత్తిడిచే బిగువుగా నిలిచియుండును. వేడికి కణపు పొర చెడి, నీరు బయటకు కారి, బిగువు సడలును. సందులలోని గాలి వెడలిపోవును. గంపెడు కూర గుప్పెడగుటలోని రహస్యమిదియే. ఉడికించి నీరు వార్చిన పాలకూర అదే కప్పునకు సుమారు 180 గ్రాములు తూగును. అనగా పచ్చి కూరకు ఆరు రెట్లు.

బరువును కప్పులోనికి మార్చుటకు సూత్రము సులభమే: బరువును, ఆ స్థితిలో ఒక కప్పు తూగు బరువుచే భాగింపవలెను. 100 గ్రాముల పచ్చి పాలకూర మూడు కప్పులకు పైగా అగును. 100 గ్రాముల ఉడికిన కూర అరకప్పునకు కొంచెము ఎక్కువ.

ఇది వంటయింటి ముచ్చట మాత్రమే కాదు. పెద్దవారు రోజుకు సుమారు 100 గ్రాముల ఆకుకూర తినుట మంచిదని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ సూచించుచున్నది. రక్తహీనత గల ఒక బాలిక కప్పెడు పచ్చి పాలకూర తరిగి వండుకొని, నేటికి చాలుననుకొన్నచో, ఆమెకు అందినది అందులో మూడవ వంతైనను లేదు. 100 గ్రాముల పాలకూరలో సుమారు 3 మిల్లీగ్రాముల ఇనుమున్నది. ఆమె కప్పులో ఒక మిల్లీగ్రామునకు లోపే. అందులోను శరీరము గ్రహించునది కొద్దిభాగమే.

ఈ ప్రయోగమును తరగతిలో చేయవచ్చును. కాడలు తీసి, కడిగి, తడి ఆరిన పాలకూర 100 గ్రాములు తూచుడు. దానిని విడిగాను, నొక్కియు, తరిగియు, ఉడికించియు ఒకే గ్లాసుతో కొలిచి పట్టిక వ్రాయుడు. ఉడికిన కూరను మరల తూచినచో ఎంత నీరు పోయినదియు తెలియును. తోటకూరతోను, మెంతికూరతోను ఇట్లే చేసి పోల్చుడు. కప్పు లెక్క వ్రాయునపుడు పచ్చిదో, ఉడికినదో ప్రక్కన తప్పక వ్రాయవలెను. ఆ ఒక్క మాట లేనిచో లెక్క ఆరు రెట్లు తప్పవచ్చును.