ఐవీఎఫ్ ఇంజెక్షన్లు: పన్నెండు రోజులా, నాలుగు వారాలా? తేడా ఎక్కడుంది

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో తెలుగు కుటుంబాలు ఎక్కువ. వరంగల్, నల్గొండ, కరీంనగర్ వైపు నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడే స్థిరపడ్డారు. మగ్గం నడిచిన రోజే కూలీ. అలాంటి ఇంట్లో ఐవీఎఫ్ అంటే మందుల ఖర్చు ఒక్కటే కాదు, ఆసుపత్రికి వెళ్లిన ప్రతి రోజూ పోయే కూలీ కూడా లెక్కలోకి వస్తుంది. కాబట్టి ‘సూదులు ఎన్ని రోజులు?’ అన్నది చిన్న ప్రశ్నేమీ కాదు. దానికి జవాబు డాక్టర్ ఎంచుకునే ప్రొటోకాల్‌ను బట్టి మారుతుంది.

మామూలుగా నెలకు ఒక అండమే పక్వానికి వస్తుంది. ఐవీఎఫ్‌లో ఒకేసారి ఎనిమిదో పదో కావాలి. అందుకోసం ఎఫ్‌ఎస్‌హెచ్ లేదా హెచ్‌ఎంజీ ఇంజెక్షన్లు రోజూ ఇస్తారు. మన దేశానికి ఇది కొత్త కాదు. 1978 జులైలో ఇంగ్లండ్‌లో పుట్టిన తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ సహజ రుతుచక్రంలో తీసిన అండం నుంచి వచ్చింది. అదే ఏడాది అక్టోబర్ 3న కోల్‌కతాలో పుట్టిన దుర్గ విషయంలో మాత్రం డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ హెచ్‌ఎంజీ వాడారు.

చిక్కంతా ఎల్‌హెచ్ అనే మరో హార్మోన్‌తోనే. ఫోలికల్స్ పెరిగేకొద్దీ ఈస్ట్రోజెన్ పెరుగుతుంది. దాంతో పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్‌ను ఒక్కసారిగా వదిలితే, డాక్టర్ సేకరించేలోపే అండాలు విడుదలైపోతాయి. దీన్ని ఎలా ఆపుతారన్నదే ప్రొటోకాల్స్ మధ్య అసలు తేడా.

పాతది లాంగ్ ప్రొటోకాల్. ముందు నెల 21వ రోజు ప్రాంతంలోనే ల్యూప్రోలైడ్ వంటి అగోనిస్ట్ మందు మొదలుపెడతారు. సుమారు రెండు వారాలకు పిట్యూటరీ చల్లబడుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ ఆ తర్వాతే. మొత్తం మూడు, నాలుగు వారాల సూదులు. ఎండోమెట్రియోసిస్ ఉన్నవారికి కొందరు డాక్టర్లు ఇప్పటికీ దీన్నే ఇష్టపడతారు.

యాంటగోనిస్ట్ పద్ధతిలో నెలసరి రెండో రోజో మూడో రోజో ఎఫ్‌ఎస్‌హెచ్ మొదలవుతుంది. ఐదారు రోజుల తర్వాత సెట్రోరెలిక్స్ లేదా గానిరెలిక్స్ 0.25 మిల్లీగ్రాములు కలుపుతారు. అది గంటల్లోనే ఎల్‌హెచ్‌ను అడ్డుకుంటుంది. దాదాపు 10-12 రోజుల్లో పని పూర్తి.

మరి బిడ్డ పుట్టే అవకాశం? 2016 నాటి కాక్రేన్ సమీక్ష 73 ట్రయల్స్‌ను పరిశీలించింది. లాంగ్ పద్ధతిలో ఆ అవకాశం 29 శాతం అనుకుంటే, యాంటగోనిస్ట్‌లో 25-33 శాతం ఉంటుందని లెక్కకట్టింది. అంటే చెప్పుకోదగ్గ తేడా లేదు. తేడా ఉన్నది ప్రమాదంలో. అండాశయాలు మితిమీరి స్పందించి ఉబ్బడం, కడుపులో నీరు చేరడం, రక్తం చిక్కబడి గడ్డలు కట్టడం, అంటే ఓహెచ్‌ఎస్‌ఎస్. అరుదుగా ప్రాణం మీదికి వస్తుంది. ఇది లాంగ్‌లో 11 శాతమైతే యాంటగోనిస్ట్‌లో 6-9 శాతమేనని అదే సమీక్ష చెప్పింది.

పీసీఓఎస్ ఉన్నవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఓహెచ్‌ఎస్‌ఎస్‌ను ముఖ్యంగా రగిలించేది అండాలు పక్వం కావడానికి చివర్లో ఇచ్చే హెచ్‌సీజీ ఇంజెక్షన్. యాంటగోనిస్ట్ పద్ధతిలో దాని బదులు అగోనిస్ట్ ఇంజెక్షన్ ఇచ్చి, పిండాలను ఫ్రీజ్ చేస్తే ముప్పు బాగా తగ్గుతుంది. లాంగ్‌లో ఆ దారి ఉండదు, అప్పటికే పిట్యూటరీ స్పందించే స్థితిలో ఉండదు కాబట్టి.

మూడో దారి ప్రొజెస్టిన్ మాత్రలు. షాంఘై వైద్యులు 2015లో దీన్ని ప్రచురించారు. ఎల్‌హెచ్‌ను ఆపే సూదుల బదులు మాత్రలు కాబట్టి ఖర్చు తక్కువ. కానీ గర్భాశయ పొర ఆ నెల పిండానికి అనుకూలంగా ఉండదు. పిండాలన్నీ ఫ్రీజ్ చేయాల్సిందే. ఆ ఖర్చు కలిపితే చౌక అన్న మాట ఎంతవరకు నిలుస్తుందో ముందే అడగాలి.

డోసు పెంచితే ఫలితం పెరుగుతుందన్న నమ్మకమూ సరికాదు. అండాలు తక్కువగా వచ్చే అవకాశమున్న మహిళలకు రోజుకు 300 యూనిట్లు మించి ఇవ్వాలని యూరప్ వైద్యుల సంఘం ఈఎస్‌హెచ్‌ఆర్‌ఈ 2019 మార్గదర్శకాలు సిఫార్సు చేయలేదు.

లాభనష్టాలు, దుష్ప్రభావాలు, ఖర్చు, విజయావకాశాలు వివరించడం 2021 ఏఆర్‌టీ చట్టం ప్రకారం క్లినిక్ బాధ్యత. సూరత్‌లో ఈ మాటలు గుజరాతీలోనో హిందీలోనో సాగితే, అర్థం కానిది మళ్లీ చెప్పించుకున్నాకే సంతకం చేయడం మంచిది. అండదాతల విషయంలో చట్టం ఇంకా కఠినం: వయసు 23-35 ఏళ్లు, జీవితంలో ఒక్కసారే దానం, ఏడు అండాలకు మించి తీయకూడదు. ఏడే తీయాల్సినప్పుడు దాతకు భారీ డోసు ఎందుకో క్లినిక్ చెప్పగలగాలి.