కరెంటు గ్రిడ్ మీద సైబర్ దాడి జరిగితే నాటో, క్వాడ్ ఏం చేస్తాయి? రామగుండం నుంచి చూద్దాం



మొన్న గోదావరిఖని చౌరస్తాలో చాయ్ తాగుతుంటే, బీటెక్ ఫైనల్ ఇయర్ చదివే ఒక తమ్ముడు పట్టుకున్నాడు. "అన్నా, నాటోలో ఒక్క దేశాన్ని కొడితే అందరూ వస్తరంట కదా. మనకు క్వాడ్ ఉంది. రేపు మన మీద ఎవడన్నా పడితే అమెరికా, జపాన్ వస్తయా?"

"రావాలని ఎక్కడా రాసి లేదు తమ్మీ" అన్నాను. మొహం చిన్నబోయింది. "మరి ఆ క్వాడ్ ఎందుకన్నా?" అన్నాడు.

ఆ రెండో ప్రశ్న కోసమే ఈ ఎపిసోడ్. జవాబు వెతుక్కుంటూ పోతే వైజాగ్ సముద్రం తగులుతుంది, చివరికి మన రామగుండం చిమ్నీల దగ్గరికే వచ్చి ఆగుతుంది. చూద్దాం.

ముందు నాటో సంగతి. 1949 ఏప్రిల్ 4న 12 దేశాలతో మొదలైంది. ఇప్పుడు 32 దేశాలు. దాని గుండెకాయ ఆర్టికల్ 5. ఒక సభ్యదేశం మీద దాడి జరిగితే అందరి మీదా జరిగినట్టే అంటుంది. చాలామంది ఇక్కడితో చదవడం ఆపేస్తారు. ఆ తర్వాత లైన్ ఇంకా ముఖ్యం. ప్రతి దేశం "తనకు అవసరమని తోచిన చర్య" తీసుకుంటుంది అని ఉంటుంది. అంటే సైన్యం పంపాల్సిందే అని లేదు. 75 ఏళ్లు దాటిన నాటో చరిత్రలో ఆ ఆర్టికల్‌ను వాడింది ఒకే ఒక్కసారి, 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత. అది కూడా అమెరికా కోసం.

ఇక క్వాడ్. భారత్, అమెరికా, జపాన్, ఆస్ట్రేలియా. 2004 సునామీ వచ్చినప్పుడు ఈ నాలుగు దేశాలు కలిసి సహాయం చేశాయి, అక్కడ దీని బీజం పడింది. మధ్యలో చల్లారిపోయి 2017లో మళ్లీ లేచింది. దీనికి ఆర్టికల్ 5 లాంటిది లేదు. ఒకరి కోసం ఒకరు యుద్ధం చేస్తామనే ఒప్పందమే లేదు. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్‌లో దాడి జరిగింది. జూలై 1న క్వాడ్ విదేశాంగ మంత్రులు దాన్ని గట్టిగా ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. అందులో పాకిస్తాన్ పేరు లేదు. క్వాడ్ ఎంత దూరం వస్తుందో అర్థం కావడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

1971లో వైజాగ్ నేర్పిన పాఠం

"మరి ఒకప్పుడు రష్యా వచ్చింది కదా" అని మీలో కొందరు అనుకుంటున్నారు. అది కూడా చూద్దాం. 1971 ఆగస్టు 9న భారత్, సోవియట్ యూనియన్ స్నేహ ఒప్పందం చేసుకున్నాయి. అందులో ఆర్టికల్ 9 ఏమంటుందంటే, ఇద్దరిలో ఎవరి మీదైనా దాడి జరిగినా, జరిగేలా ఉన్నా వెంటనే మాట్లాడుకుని ముప్పు తప్పించే చర్యలు తీసుకోవాలి. గమనించారా? అక్కడా "యుద్ధానికి వస్తాం" అనే మాట లేదు.

అదే ఏడాది డిసెంబర్ 3 అర్ధరాత్రి దాటాక పాకిస్తాన్ జలాంతర్గామి గాజీ విశాఖపట్నం తీరంలో మునిగిపోయింది. మేమే ముంచామని మన నేవీ అంటుంది, లోపలి పేలుడు వల్లనో, మైన్ తగిలో పోయిందని పాకిస్తాన్ వాదన. ఆ తర్వాత అమెరికా తన ఎంటర్‌ప్రైజ్ విమానవాహక నౌకను బంగాళాఖాతం వైపు పంపింది. సోవియట్ నౌకలు దాని వెనకే తిరిగాయి. ఒక్క గుండు పేలలేదు. కానీ అవి అక్కడ ఉండటమే ఒక మెసేజ్.

ఇప్పుడు సీన్ చూడండి. 1971లో మనల్ని బెదిరించడానికి వచ్చిన అదే అమెరికా నేవీ, ఇప్పుడు అదే వైజాగ్‌కు అతిథిగా వస్తోంది. మలబార్ విన్యాసాలు 1992లో భారత్, అమెరికా మధ్య మొదలయ్యాయి. 2015 నుంచి జపాన్ పర్మనెంట్ అయింది. 2020 నవంబర్‌లో విశాఖ తీరంలో ఆస్ట్రేలియా కూడా కలిసింది. 2024 అక్టోబర్‌లో మళ్లీ వైజాగ్‌లోనే జరిగింది. టైగర్ ట్రయంఫ్ అని ఇంకోటి ఉంది. 2019లో వైజాగ్, కాకినాడల్లో మొదలైంది. తుఫాను, భూకంపం లాంటివి వస్తే రెండు దేశాల త్రివిధ దళాలు కలిసి సహాయం ఎలా చేయాలో ప్రాక్టీస్ అది.

ఏపీఐ భాషలో చెప్తా

నేను కొన్నాళ్లు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా కాబట్టి నాకు ఇది అలాగే అర్థమవుతుంది. రెండు కంపెనీల సిస్టమ్‌లు మాట్లాడుకోవాలంటే మేనేజర్లు దోస్తులైతే సరిపోదు. ఏపీఐ కావాలి, ఆథెంటికేషన్ కావాలి, డేటా ఫార్మాట్ ఒకటే ఉండాలి. సైన్యాలదీ అదే కథ.

భారత్, అమెరికా మధ్య మూడు ఒప్పందాలు చూడండి. 2016లో లెమోవా: మన నౌక వాళ్ల పోర్టులో, వాళ్ల నౌక మన పోర్టులో డీజిల్, సరుకులు, రిపేర్ తీసుకుని తర్వాత లెక్క కట్టుకోవచ్చు. అంటే బిల్లింగ్. 2018లో కామ్‌కాసా: ఎన్‌క్రిప్ట్ చేసిన రేడియోలు, డేటా లింకులు వాడుకోవచ్చు. అంటే సెక్యూర్ ఛానల్. 2020 అక్టోబర్ 27న బెకా: మ్యాపులు, ఉపగ్రహ డేటా పంచుకోవచ్చు. అంటే డేటా షేరింగ్.

మూడింటిలో ఎక్కడా "కలిసి యుద్ధం చేస్తాం" అని లేదు. రేపు కలిసి పనిచేయాలి అనుకుంటే ఆ రోజు కూర్చుని కోడ్ రాసుకోకుండా, కనెక్షన్ ముందే టెస్ట్ చేసి పెట్టుకోవడం అన్నమాట.

ముప్పు మన ఊరి దాకా ఎట్లా వచ్చింది?

గాజీ రావాలంటే కరాచీ నుంచి సముద్రం చుట్టి రావాలి. రామగుండం సముద్రానికి ఎంత దూరమో మీకు తెలుసు. కానీ కరెంటు తీగకు, నెట్ కేబుల్‌కు ఆ దూరం లెక్క కాదు.

మన ఎన్టీపీసీ రామగుండం 2600 మెగావాట్లు. పక్కనే తెలంగాణ ప్రాజెక్టులో 800 మెగావాట్ల యూనిట్లు రెండు. బాయిల నుంచి, ఓపెన్‌కాస్టుల నుంచి వచ్చే సింగరేణి బొగ్గు ఇక్కడ కరెంటు అవుతుంది. ఆ కరెంటును ఎంత తయారు చేయాలి, ఎటు పంపాలి అని క్షణక్షణం చూసేవి లోడ్ డిస్పాచ్ సెంటర్లు. దక్షిణాది మొత్తానికి ఒకటి బెంగళూరులో, తెలంగాణకు ఒకటి హైదరాబాద్‌లో ఉన్నాయి. గ్రిడ్ ఫ్రీక్వెన్సీ 50 హెర్ట్జ్ దగ్గర నిలబడాలి. అది బాగా కిందికి జారితే యూనిట్లు వాటంతట అవే ట్రిప్ అవుతాయి, ఒకటి పడితే ఇంకోటి పడుతుంది.

2012 జూలై 30, 31 తేదీల్లో ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్‌లు అలాగే కూలాయి. దాదాపు 60 కోట్ల మంది ఉండే ప్రాంతం చీకటైంది. అది సైబర్ దాడి కాదు. మనకు అప్పుడు ఏం కాలేదు, ఎందుకంటే దక్షిణాది గ్రిడ్ వేరుగా ఉండేది. 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైన్‌తో మనం కూడా నేషనల్ గ్రిడ్‌లో కలిశాం. దేశమంతా ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ. కరెంటు కొరత తగ్గింది. అదే సమయంలో ఎక్కడో మొదలైన దెబ్బ ఇక్కడి దాకా వచ్చే దారి కూడా తెరుచుకుంది.

ఇప్పుడు అసలు విషయం. 2021 ఫిబ్రవరి చివర్లో రికార్డెడ్ ఫ్యూచర్ అనే అమెరికన్ సైబర్ సెక్యూరిటీ కంపెనీ ఒక రిపోర్టు బయటపెట్టింది. చైనాతో సంబంధం ఉన్న రెడ్‌ఎకో అనే గ్రూపు మన విద్యుత్ సంస్థలను టార్గెట్ చేసిందని చెప్పింది. గల్వాన్ ఘర్షణ జరిగిన 2020లోనే ఈ పని ఊపందుకుందట. ఆ జాబితాలో లోడ్ డిస్పాచ్ సెంటర్లు ఉన్నాయి. తెలంగాణ సెంటర్ పేరు కూడా ఉంది. చైనా ఈ ఆరోపణను కొట్టిపారేసింది.

మన విద్యుత్ శాఖ ఏమందంటే, షాడోప్యాడ్ అనే మాల్వేర్ గురించి సర్ట్-ఇన్ 2020 నవంబర్ 19నే హెచ్చరించింది, 2021 ఫిబ్రవరి 12న ఇంకో హెచ్చరిక వచ్చింది, చర్యలు తీసుకున్నాం, డేటా పోలేదు, గ్రిడ్ పని ఆగలేదు అని. తెలంగాణ విద్యుత్ సంస్థలు అనుమానం ఉన్న ఐపీ అడ్రస్‌లను బ్లాక్ చేశాయి.

ఒక జాగ్రత్త. 2020 అక్టోబర్ 12న ముంబైలో కరెంటు పోయింది కదా, అది ఈ మాల్వేర్ వల్లేనని వాట్సాప్‌లో తిరిగింది. మహారాష్ట్ర ప్రభుత్వం సైబర్ అనుమానం వ్యక్తం చేసింది, కేంద్ర విద్యుత్ మంత్రి మాత్రం మానవ తప్పిదం అన్నారు. తేలని విషయాన్ని తేలినట్టు ఫార్వర్డ్ చేయకండి.

కొట్టిందెవడో తెలియకపోతే?

పాత తరహా కూటములకు ఇక్కడే చిక్కు వచ్చింది. గాజీ మీద ఏ దేశం ముద్ర ఉందో అందరికీ తెలుసు. మాల్వేర్ మీద జెండా ఉండదు. ఎవరు కొట్టారో తేలకుండా ఆర్టికల్ 5 ఎవరి మీద వాడతారు?

2007లో ఎస్టోనియాకు ఇదే జరిగింది. బ్యాంకులు, ప్రభుత్వ వెబ్‌సైట్లు రోజుల తరబడి సతమతమయ్యాయి. అది నాటో సభ్యదేశం. అయినా ఆర్టికల్ 5 వాడలేదు. మరుసటి ఏడాది అదే దేశ రాజధాని టాలిన్‌లో నాటో గుర్తింపుతో సైబర్ రక్షణ కేంద్రం పెట్టారు. 2014లో గానీ సైబర్ దాడి కూడా ఆర్టికల్ 5 కిందికి రావచ్చని నాటో ఒప్పుకోలేదు.

2015 డిసెంబర్ 23న ఉక్రెయిన్‌లో మూడు విద్యుత్ పంపిణీ కంపెనీల మీద దాడి జరిగింది. సుమారు 2.25 లక్షల మంది వినియోగదారులకు కొన్ని గంటలు కరెంటు పోయింది. సిబ్బంది సబ్‌స్టేషన్లకు పోయి చేతితో బ్రేకర్లు వేసి తిరిగి తెచ్చారు. ఆ దాడి ఎలా జరిగిందో మిగతా దేశాలన్నీ చదివి నేర్చుకున్నాయి. నేటి భద్రతా సహకారంలో పెద్ద భాగం ఇదే. ఒకరికి తగిలిన దెబ్బ ఇంకొకరికి ముందస్తు హెచ్చరిక కావాలి. క్వాడ్ 2021లో సైబర్ మీద ప్రత్యేక బృందం పెట్టుకున్నది కూడా ఇందుకే.

మన బొగ్గు బెల్టు వాళ్లకు ఇది కొత్త కాదు. సింగరేణి రెస్క్యూ టీములు ప్రమాదం లేని రోజుల్లో కూడా ఆక్సిజన్ సెట్ కట్టుకుని ప్రాక్టీస్ చేస్తూనే ఉంటాయి. 2025 ఫిబ్రవరి 22న ఎస్‌ఎల్‌బీసీ టన్నెల్ కూలి 8 మంది చిక్కుకుంటే ఆర్మీ, నేవీ, ఎన్డీఆర్ఎఫ్‌తో పాటు మన సింగరేణి వాళ్లూ పోయారు. ఎంత కష్టపడినా ఒక్కరినీ బతికించలేకపోయారు. అంతమంది కలిసి పోవడం గొప్ప విషయమే, కానీ కలిసి పోతే చాలు అంతా సర్దుకుంటుంది అనుకోవద్దు. దేశాల కూటములకూ ఇదే వర్తిస్తుంది.

పైగా సహకారానికి ఒక ధర ఉంది. మ్యాపులు, హెచ్చరికలు ఇంకొకరి నుంచి వస్తున్నప్పుడు, వాళ్లు ఏది చూపిస్తే అదే మనం చూస్తాం. అందుకే సర్ట్-ఇన్ లాంటి మన సొంత సంస్థలు బలంగా ఉండాలి. 2022 ఏప్రిల్‌లో వచ్చిన ఆదేశం ప్రకారం సైబర్ దాడి తెలిసిన 6 గంటల్లోపు సంస్థలు సర్ట్-ఇన్‌కు చెప్పాలి. పరువు పోతుందని దాచిపెడితే పక్కవాడికి హెచ్చరిక అందదు.

చివరగా తమ్ముడి ప్రశ్నకు జవాబు. యుద్ధానికి ఎవరో వస్తారని కూర్చోలేం. క్వాడ్ మనకు ఇచ్చేది సైన్యం కాదు. ముందస్తు సమాచారం, కలిసి చేసిన ప్రాక్టీస్. వాటిని వాడుకునే పని మనదే.

"మనది" అంటే ఢిల్లీ ఒక్కటే కాదు. ఉక్రెయిన్ దాడి ఎక్కడ మొదలైందో తెలుసా? ఆఫీసు ఉద్యోగులకు వచ్చిన ఈమెయిల్ అటాచ్‌మెంట్ దగ్గర. ఫైల్ తెరిచి మ్యాక్రో ఎనేబుల్ నొక్కారు, అంతే. ఇది చూస్తున్నవాళ్లలో రేపు ఎన్టీపీసీలోనో, సింగరేణిలోనో, ట్రాన్స్‌కోలోనో అప్రెంటిస్‌గా చేరేవాళ్లు చాలామంది ఉంటారు. తెలియని అటాచ్‌మెంట్ తెరవకండి. దొరికిన పెన్‌డ్రైవ్ ఆఫీసు సిస్టమ్‌కు పెట్టకండి. పొరపాటున పెడితే, తిట్లు పడతాయని దాచకుండా వెంటనే చెప్పేయండి.

బాయిల గ్యాస్ వాసన వస్తే ఎవరూ గుట్టుగా ఉండరు కదా. ఇదీ అంతే.

వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.