కాపీ కొట్టిన నోట్‌బుక్కూ, 600 ఏళ్ల నాటి కావ్యమూ: సైన్స్, సాహిత్యం కలిసి చేసే పరిశోధన



ఎనిమిది, తొమ్మిది తరగతుల పేరెంట్స్ మీటింగ్‌లో మాకు తరచుగా ఎదురయ్యే ప్రశ్న ఒకటుంది. "మా వాడు ఎంపీసీకి సరిపోతాడా, బైపీసీకా?" దాని వెనకాలే ఇంకో మాట వస్తుంది. "మా పాప కథల పుస్తకాలు తెగ చదువుతోంది మేడమ్, కాస్త తగ్గించమని మీరైనా చెప్పండి." ఈ రెండు మాటల వెనక ఉన్న నమ్మకం ఒకటే. సైన్స్ ఒక దారి, సాహిత్యం ఇంకో దారి, ఒకదానికి ఇచ్చే టైమ్ రెండోదాని నుంచి కోసుకోవాల్సిందే అని.

పెద్ద యూనివర్సిటీల్లో జరిగే పరిశోధన చూస్తే ఈ నమ్మకం అంత గట్టిగా నిలబడదు. బయోకెమిస్ట్రీ వాళ్లూ, పాత కావ్యాలు చదివేవాళ్లూ ఒకే టేబుల్ దగ్గర కూర్చుని తేల్చిన విషయాలు ఉన్నాయి. వాటిలో మూడింటిని ఈ నెల మీతో పంచుకుంటున్నాను. మొదటిది అర్థం కావడానికి మీకు డిగ్రీలేమీ అక్కర్లేదు. హోమ్‌వర్క్ నోట్‌బుక్కులు గుర్తు తెచ్చుకుంటే చాలు.

తప్పులే సాక్ష్యం

ఒక క్లాసులో కిరణజన్య సంయోగక్రియ మీద ప్రశ్న ఇచ్చామనుకోండి. ముప్పై మంది "క్లోరోఫిల్" అని సరిగ్గా రాశారు. దాన్ని బట్టి ఎవరు ఎవరిని చూసి రాశారో చెప్పలేం. అందరూ పాఠం చదివి రాసి ఉండొచ్చు. కానీ ఇద్దరి నోట్‌బుక్కుల్లో "ఆకుల్లో క్లోరోఫామ్ ఉంటుంది" అని ఉంటే? ఆ ఇద్దరికీ ఏదో సంబంధం ఉందని టీచర్‌కు వెంటనే తెలుస్తుంది. ఆ ఇద్దరిలో ఒకరి జవాబులో ఆక్సిజన్ విడుదలయ్యే వాక్యం కూడా ఎగిరిపోయిందనుకోండి. అప్పుడు ఆ వాక్యం లేని నోట్‌బుక్కే రెండోదాన్ని చూసి రాసినది అయి ఉండొచ్చు. లేని వాక్యాన్ని చూసి ఎవరూ రాయలేరు కదా.

ఇందులో మూడు సూత్రాలున్నాయి. ఒకటి, సరైన జవాబు కలిస్తే ఏమీ రుజువు కాదు, తప్పు కలిస్తేనే బంధుత్వం తెలుస్తుంది. రెండు, అందరూ మామూలుగా చేసే స్పెల్లింగ్ తప్పు ఇద్దరు విడివిడిగా కూడా చేస్తారు కాబట్టి, అరుదైన తప్పులకే విలువ ఎక్కువ. మూడు, ఒక్క తప్పు చాలదు, చాలా తప్పులు ఒకే వైపు చూపించాలి.

అచ్చు యంత్రం రాకముందు ప్రతి పుస్తకమూ ఇలా చూసి రాసినదే. లేఖకుడు ఒక లైన్ వదిలేస్తాడు, ఒక మాటకు బదులు ఇంకో మాట రాస్తాడు. అతని ప్రతిని చూసి రాసినవాడు ఆ తప్పుల్ని అలాగే ఎత్తి రాస్తూ, తనవి ఇంకొన్ని కలుపుతాడు. కవి స్వయంగా రాసిన ప్రతి పోయి, ఇలాంటి నకళ్లే మిగిలితే, అసలు పాఠం ఏది? నకళ్ల వంశవృక్షం గీయగలిగితే మూలానికి దగ్గరగా వెళ్లొచ్చు. జర్మన్ పండితుడు కార్ల్ లాఖ్‌మన్ 1850లో లాటిన్ కవి లుక్రీషియస్ కావ్యాన్ని ఇలాంటి పద్ధతిలోనే పరిష్కరించాడు. డార్విన్ 'ఆరిజిన్ ఆఫ్ స్పీసీస్' వచ్చింది 1859లో. అంటే తప్పుల్ని బట్టి వంశవృక్షం గీయడమనే ఆలోచన సాహిత్యం వాళ్ల చేతిలో అప్పటికే ఉంది.

58 ప్రతులు, ఒక కంప్యూటర్

ఇక జీవశాస్త్రం వైపు చూడండి. మన కణాల్లో డీఎన్ఏ అంటే నాలుగు అక్షరాలతో రాసిన పెద్ద పుస్తకం. కణం విభజన చెందే ప్రతిసారీ ఆ పుస్తకం మొత్తం మళ్లీ కాపీ అవుతుంది. అరుదుగా ఒక అక్షరం మారుతుంది. ఆ మార్పు తర్వాతి తరాలకు వెళ్తుంది. ఏ జీవుల్లో ఏ మార్పులు ఉమ్మడిగా ఉన్నాయో చూసి, ఏ జీవి ఏ జీవికి దగ్గర చుట్టమో లెక్కగట్టే కంప్యూటర్ ప్రోగ్రామ్‌లు శాస్త్రవేత్తల దగ్గర ఉన్నాయి.

ఆ ప్రోగ్రామ్‌కు డీఎన్ఏకు బదులు కావ్యాన్ని ఇస్తే? కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ బయోకెమిస్టులు ఏడ్రియన్ బార్‌బ్రూక్, క్రిస్టఫర్ హోవ్, సాహిత్య పరిశోధకులు నార్మన్ బ్లేక్, పీటర్ రాబిన్సన్‌లతో కలిసి అదే చేశారు. వాళ్లు తీసుకున్నది 1400లో మరణించిన ఇంగ్లీష్ కవి జెఫ్రీ ఛాసర్ రాసిన 'కాంటర్‌బరీ టేల్స్'. ఆయన స్వహస్తంతో రాసిన ప్రతి దొరకలేదు. దానిలో 'వైఫ్ ఆఫ్ బాత్' అనే పాత్ర చెప్పే ప్రస్తావన 850 పంక్తులు. 15వ శతాబ్దపు చేతిరాత ప్రతులు 58 మిగిలాయి. ఏ ప్రతిలో ఏ మాట ఎలా మారిందో పోల్చి, ఆ తేడాల్ని ప్రోగ్రామ్‌కు ఇచ్చారు. ఫలితం 1998 ఆగస్టులో 'నేచర్' పత్రికలో వచ్చింది. సైన్స్ ప్రపంచంలో అంత పేరున్న పత్రికలో ఒక కావ్యం మీద వ్యాసం!

కంప్యూటర్ గీసిన చిత్రంలో ప్రతులు కొన్ని కుటుంబాలుగా విడిపోయాయి. పండితులు అంతగా పట్టించుకోని కొన్ని ప్రతులు మూలానికి దగ్గరగా కనిపించాయి. ఇంకో సంగతి కూడా బయటపడింది. ఛాసర్ వదిలివెళ్లింది పూర్తిచేసిన సాఫు ప్రతి కాకపోవచ్చని, ఇది తీసేయాలి, ఇది చేర్చాలి అనే గుర్తులతో ఉన్న చిత్తుప్రతి అయి ఉండొచ్చని వాళ్లు చెప్పారు. అంటే ఒక మహాకవి కూడా కొట్టివేతలు, దిద్దుబాట్లతోనే రాశాడన్నమాట. నోట్‌బుక్‌లో కొట్టివేత కనిపిస్తే పిల్లల మీద విసుక్కునే మనం ఈ విషయం గుర్తుపెట్టుకోవచ్చు.

ఈ పనిలో ఒక చిక్కు కూడా ఉంది. కొందరు లేఖకులు రెండు ప్రతులు ముందు పెట్టుకుని, కొంత దీన్ని చూసి, కొంత దాన్ని చూసి రాశారు. ఐదు లెక్కలు ఒక ఫ్రెండ్ దగ్గర, మిగతా ఐదు ఇంకో ఫ్రెండ్ దగ్గర చూసి రాసినట్టు. అప్పుడు వంశవృక్షం చెట్టులా కాక వలలా తయారవుతుంది. జీవశాస్త్రానికి ఇది కొత్త కాదు. బ్యాక్టీరియాలు తల్లికణం నుంచే కాకుండా పక్క బ్యాక్టీరియా నుంచి కూడా జన్యువులు తీసుకుంటాయి. అందుకే అక్కడి చిక్కుకు వెతికిన పరిష్కారం ఇక్కడా పనికొచ్చింది.

ఒక్క విషయం మర్చిపోవద్దు. ప్రోగ్రామ్ లెక్కగట్టింది నిజమే. కానీ 58 ప్రతుల్లోని పాత ఇంగ్లీష్ చేతిరాతను అక్షరం అక్షరం చదివి ఎక్కించింది మనుషులు. ఏ తేడా ముఖ్యం, ఏది మామూలు స్పెల్లింగ్ అలవాటు అన్నది ఆ భాష తెలిసినవాళ్లే చెప్పగలరు. భాష రానివాడి చేతిలో ఆ ప్రోగ్రామ్ ఎందుకూ కొరగాదు.

ఎర్ర టోపీ పాప, మేకపిల్లలు

ఎల్‌కేజీ, యూకేజీ పిల్లలకు కూడా తెలిసిన 'లిటిల్ రెడ్ రైడింగ్ హుడ్' కథ సంగతి చూద్దాం. బ్రిటన్‌లోని డరమ్ యూనివర్సిటీ మానవశాస్త్రవేత్త జేమీ టెహ్రానీ 2013లో ఈ పద్ధతినే జానపద కథలకు వాడారు. ఇక్కడ కూడా లెక్క యాదృచ్ఛికంగా 58. అన్ని కథారూపాలు తీసుకుని, మోసపోయేది ఎవరు, మోసం చేసేది తోడేలా పులా, చివరికి తప్పించుకుంటారా లేదా వంటి 72 అంశాల్ని పోల్చారు.

తల్లి మేక బయటికి వెళ్లినప్పుడు తోడేలు గొంతు మార్చుకుని వచ్చి పిల్లల్ని మోసం చేసే కథ వేరే కుటుంబమని, ఎర్ర టోపీ పాప కథ దాని నుంచి తర్వాత చీలిన కొమ్మ అని తేలింది. ఆఫ్రికాలో చెప్పే కథలు మేకపిల్లల కథకు దగ్గర. చైనా, జపాన్, కొరియా ప్రాంతాల్లోని పులి అవ్వ కథ ఈ రెండూ కలిసిన రూపం. రాతలో లేని కథ కూడా తన చరిత్రను లోపలే దాచుకుంటుందన్నమాట.

ఎరేజర్ పొడిలో జవాబు

మూడోది పిల్లలు బాగా ఇష్టపడే ఉదాహరణ. మధ్యయుగపు యూరప్‌లో పుస్తకాలు జంతు చర్మంతో చేసిన పార్చ్‌మెంట్ మీద రాసేవారు. 13వ శతాబ్దంలో జేబులో పట్టే చిన్న బైబిళ్లు తయారయ్యాయి. వాటి పుటలు ఎంత పలుచనంటే, అవి పుట్టని దూడల చర్మమని కొందరు, కుందేలు వంటి చిన్న జంతువులదని మరికొందరు అనుకునేవారు. తేల్చాలంటే ముక్క కత్తిరించి పరీక్షించాలి. అంత విలువైన పుస్తకాన్ని కత్తిరించడానికి ఏ లైబ్రరీ ఒప్పుకుంటుంది?

బ్రిటన్‌లోని యార్క్ యూనివర్సిటీ పరిశోధకులు సారా ఫిడిమెంట్, మాథ్యూ కాలిన్స్ బృందం దారి కనిపెట్టింది. పాత పుటల మీది దుమ్ము తీయడానికి లైబ్రరీల వాళ్లు ప్లాస్టిక్ ఎరేజర్‌తో మెల్లగా రుద్దుతారు. ఆ రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు వల్ల చర్మంలోని కొల్లాజెన్ ప్రోటీన్ రవ్వంత పొడికి అంటుకుంటుంది. చెత్తబుట్టలో పడేసే ఆ పొడిని మాస్ స్పెక్ట్రోమెట్రీతో పరీక్షిస్తే ఏ జంతువో తెలుస్తుంది. 2015లో వెలువడిన ఈ పరిశోధనలో 72 జేబు బైబిళ్లను పరీక్షిస్తే దూడ, మేక, గొర్రె చర్మాలే కనిపించాయి. కుందేలు లేదు. అంత పలుచదనం వచ్చింది అరుదైన జంతువు వల్ల కాదని, చర్మాన్ని తయారుచేసినవాళ్ల పనితనం వల్లనని వాళ్లు తేల్చారు.

జుట్టుకు రుద్దిన స్కేలు కాగితం ముక్కల్ని లాగుతుందని మనం సైన్స్ క్లాసులో చెప్పేదీ ఈ స్థిర విద్యుత్తు గురించే.

మన దగ్గర సంగతేమిటి?

ప్రతుల్ని పోల్చే పని మనకు కొత్త కాదు. సి.పి. బ్రౌన్ కడపలో సొంత ఖర్చుతో పండితుల్ని పెట్టుకుని, ఎక్కడెక్కడి నుంచో వేమన పద్యాల ప్రతులు తెప్పించి పోల్పించాడు. 1829లో ఇంగ్లీష్ అనువాదంతో పుస్తకం వేశాడు. పూణేలోని భండార్కర్ ప్రాచ్య పరిశోధన సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో ముగించిన సంస్కృత మహాభారత పరిష్కరణ ఇంకా పెద్దది. దానికి పోల్చిన ప్రతుల్లో మన తెలుగు లిపిలో రాసినవి కూడా ఉన్నాయి.

చెన్నై, తంజావూరు, తిరుపతి భాండాగారాల్లో తెలుగు తాళపత్రాలు నేటికీ ఉన్నాయి. కంప్యూటర్లు, ప్రోగ్రామ్‌లు మన పిల్లలకు కొదవ లేదు. వాటిని చదవగల తెలుగు ఎంతమందికి ఉంటుందన్నదే ప్రశ్న. ఇంటర్‌లో మార్కులు సులువుగా వస్తాయని తెలుగు వదిలి సంస్కృతం తీసుకోవడం మన దగ్గర మామూలైంది. అది మీ కుటుంబం నిర్ణయం, తప్పని అనను. నిర్ణయించే ముందు మార్కులతో పాటు ఇదీ లెక్కలో వేసుకోమని మాత్రం అడుగుతున్నాను.

కథల పుస్తకాలు చదివితే ర్యాంకు వస్తుందని నేను చెప్పడం లేదు. ప్రతి పిల్లా ఇలాంటి పరిశోధకురాలు కావాలనీ కాదు. ఎంపీసీ తీసుకున్న పిల్ల చేతిలోంచి కథల పుస్తకం లాక్కోనక్కర్లేదు, కథలంటే ప్రాణమిచ్చే పిల్లను "నీకు సైన్స్ రాదు" అని ముద్ర వేయనక్కర్లేదు. పదమూడేళ్లకు వేసిన ముద్ర చాలాకాలం పోదు. చదువు కొనసాగించే దారులు కూడా ఉన్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్ బీటెక్‌తో పాటు భాషాశాస్త్ర పరిశోధన కలిపి చదివే కోర్సు ఉంది. ఐఐటీ హైదరాబాద్‌లో లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉంది.

ఈ సెలవుల్లో ఇంట్లో చేయండి

నకలు ఆట: తెలుగు వాచకంలోంచి పది లైన్ల పేరా తీసుకోండి. మొదటివారు వాచకం చూసి గబగబా రాయాలి. రెండోవారు మొదటివారి కాగితం చూసి, మూడోవారు రెండోవారిది చూసి రాయాలి. కనీసం ఐదు నకళ్లు చేయండి. ఒకే కాగితం నుంచి ఇద్దరు రాస్తే ఇంకా మంచిది. కాగితాలు కలిపేసి, ఈ ఆటలో రాయని పిల్లలకు ఇవ్వండి. తప్పుల్ని బట్టి ఏది ముందు, ఏది వెనక అని వాళ్లు చెట్టు గీయాలి.

ఏడు చేపల కథ: నానమ్మను ఒకసారి, అమ్మమ్మను ఒకసారి విడిగా ఈ కథ చెప్పమనండి. ఎండని చేప దగ్గర మొదలై చీమ దాకా వెళ్లే ఆ వరసలో మధ్యలో ఎవరెవరు వస్తారు? ఏది తప్పిపోయింది, ఏది కొత్తగా చేరింది? పిల్లలు పట్టిక వేయాలి. పెద్దవాళ్ల ఊరి పేరు కూడా పక్కన రాయించండి.

ఈ పట్టికలు, చెట్లు సెలవుల తర్వాత స్కూలుకు పంపండి. ఒకే క్లాసులో ఎన్ని ఊళ్ల ఏడు చేపల కథలున్నాయో పిల్లలతో కలిసి పోల్చి చూస్తాం. ఆ రోజు సైన్స్ టీచర్, తెలుగు టీచర్ ఇద్దరూ క్లాసులోనే ఉంటారు.