పనితో చదువు

చేతిపని మూలముగా చదువు చెప్పవలెనని 1937 అక్టోబరులో గాంధీగారి అధ్యక్షతను వార్ధా విద్యాసభ తీర్మానించెను. నాడు రాట్నము, నేడు కంప్యూటరు. 2016లో కేంద్ర ప్రభుత్వము అటల్ టింకరింగ్ ప్రయోగశాలల నారంభించి, పాఠశాల యొక్కంటికి 20 లక్షల రూపాయలవరకు ఏర్పాటు చేసినది. ఇవి 6 మొదలు 12వ తరగతి పిల్లలకు.

మన డెల్టాలో పనికేమి కొదువ? రొయ్యల చెరువులో తెల్లవాఱుజామున ప్రాణవాయువు సన్నగిల్లును. ఆ వేళ కరెంటు పోయి ఏరేటరు ఆగినచో పంట దక్కదు. ఆగిన తక్షణమే గంట మ్రోగించు సాధనమును పిల్లలు చేయగలరు. అయితే దాని ఖర్చెంత, ఎంతకమ్మిన గిట్టును, అరువిచ్చిన వసూలగునా యని వారిచేతనే లెక్క వ్రాయింపనియెడల అది వట్టి ఆటబొమ్మ. (మనలో నీ లెక్క వ్రాయువారెందఱో!)

మీ యూరి పాఠశాలలో ప్రయోగశాల యున్నచో, దాని తాళము తీయుచున్నారా యని విచారింపుడు. పిల్లలను మీ చెరువుగట్టునకు రానిండు.